తలూపే గడియారం

టైమెంతయిందని అడిగితే చెప్పనివాడు లోకంలో ఉండడు. అప్పడిగితే మొహం చాటేసేవాడు, దారి అడిగితే వినపడనట్టు పోయేవాడు కూడా టైమడిగితే మాత్రం మణికట్టు తిప్పి చూసి మరీ చెబుతాడు. పగవాడికైనా సరే, తప్పు టైము చెప్పి పంపాలని ఎవరికీ తోచదు. మనుషుల్లో మిగిలిన ఈ కాస్త ధర్మం మీద స్వరాజ్యానికి మహా గౌరవం. ఆమె పొట్టకూడు కూడా అదే మరి.

కరీంనగర్ పొలిమేరలో కాలకేంద్రమని ఓ చిన్న పరిశోధనాలయం ఉంది. దాని మేడ మీద పుట్టగొడుగులాంటి యాంటెన్నా ఒకటి ఉపగ్రహాల నుంచి సరైన కాలాన్ని పట్టి కిందికి పంపుతుంది. కింది గదిలో ఉన్న సర్వరు ఆ కాలాన్ని అడిగిన ప్రతి యంత్రానికీ ఉచితంగా చెబుతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండటమే స్వరాజ్యం పని. ఏ కంప్యూటరు కడుపులో చూసినా గోరంత స్ఫటికం పలుకొకటి కొట్టుకుంటూ ఉంటుంది, ఆ కొట్టుకోవడాన్ని లెక్కపెట్టుకునే అది టైము చూసుకుంటుంది. ఆ పలుకు ఎంత మంచిదైనా రోజూ కాస్తో కూస్తో దారి తప్పుతుంది. అందుకని యంత్రాలన్నీ మధ్యమధ్య ఇంటర్నెట్టులోకి వచ్చి, టైమెంతని అడిగి, తప్పు దిద్దుకుని పోతుంటాయి. పెద్ద కంప్యూటర్లు గడుసువి. నలుగురిని అడిగి, తేడాగా చెప్పినవాణ్ణి పక్కన పెట్టి తేల్చుకుంటాయి. గోడ కెమెరాలు, వైఫై డబ్బాలు, మోటారు స్టార్టర్లు లాంటి చవక సరుకు మాత్రం ఒక్కరినే అడిగి ఆ ఒక్కరినే నమ్ముతాయి. ఆ చుట్టుపక్కల అవి నమ్మింది స్వరాజ్యం సర్వరునే.

"అడిగినోడు ఎవడు, ఎందుకు అడిగిండు, అదంత మనకొద్దు. అడిగితే చెప్పుడు, గదే మన కొలువు" అనేది ఆమె కొత్తగా చేరినవాళ్లతో.

ఆ అడిగినవాడెవడో తెలుసుకుందామన్న దురద మొదట పుట్టింది ఓదెలుకు. భౌతికశాస్త్రం చదివి వచ్చినవాడు. స్వరాజ్యాన్ని అక్కా అని పిలిచేవాడు. తిండి యావ లేదు, నిద్ర యావ లేదు, ఎప్పుడూ తెర ముందే. వాడి మాటేమిటంటే, స్ఫటికం పలుకు ఎండకు మందగిస్తుంది, చల్లబడితే తేరుకుంటుంది. అంటే టైమడగడానికి వచ్చిన ప్రతి యంత్రమూ తానున్న గది ఎంత కాగుతున్నదో చెప్పకనే చెప్పి పోతున్నది. ఇంతవరకూ పదిమందికీ తెలిసిందే. ఓదెలు ఇంకా లోపలికి వెళ్లాడు. ఆ మందగింపులో గోడ వేడి ఏది, ఫ్యాను గాలి ఏది, గదిలోకి వచ్చి కూర్చున్న మనిషి ఒంటి వెచ్చదనం ఏది అన్నది విడదీసే లెక్క ఒకటి కట్టాడు. దానికి చెవి అని పేరు పెట్టాడు.

ఒక్కటే చిక్కు. సరైన టైము అందగానే యంత్రం తన తప్పు దిద్దుకుంటుంది. దిద్దుకుంటే ఆ తప్పులో దాగిన కథంతా తుడిచిపెట్టుకుపోతుంది. చెవికి వినపడాలంటే గడియారాలను వాటి మానాన వాటిని నడవనివ్వాలి.

"మనం టైము చెప్పొద్దక్కా. ఎవడు ఏ టైము పట్టుకొచ్చినా, అవును, నీదే కరెక్టని తలూపి పంపుదాం" అన్నాడు ఓదెలు.

స్వరాజ్యానికి ఒళ్లు మండింది. "అన్నంల మన్ను గలుపుతవారా? నమ్మి అడిగెటోనికి అబద్ధం జెప్పుమంటవా?"

"అబద్ధం గాదక్కా. వాని మాటే వానికి జెప్తున్నం. ఎండకాలం ఒడిసేదాక నిమిషమన్న తప్పవు. నిమిషంల ఏం మునుగుతది? ఒక్కసారి జూడు. నచ్చకుంటే బందువెడత."

చూడటానికి ఒప్పుకోవడమే ఆమె చేసిన పొరపాటు. కొద్ది వారాలు సర్వరును తలూపనిచ్చాక, ఒక తెల్లవారుజామున ఓదెలు ఆమెను తెర ముందు కూర్చోబెట్టాడు. నల్లటి తెర నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో యంత్రం, ఎవరో ఒకరి గది. మొదట ఏమీ కదల్లేదు. తర్వాత మానేరు వైపు చుక్కలు ఒక్కొక్కటే ఎర్రబారడం మొదలైంది. ఎండ అంచు ఊరి మీదుగా నడిచి వస్తోంది. ఏ తూర్పు గోడ ముందు కాగిందో, ఏ ఇల్లు పక్క మేడ నీడలో ఇంకా పడుకుని ఉందో కనిపిస్తోంది. వంటిళ్లు వేడెక్కాయి. ఒక గదిలోకి ఎవరో వచ్చారు, చుక్క కొద్దిగా వణికింది. ఆ వెచ్చదనం పక్క గదిలోకి నడిచి వెళ్లింది. బడి వేళకు, అప్పటిదాకా చప్పుడు లేకుండా పడి ఉన్న వరుస ఒకటి ఒక్కసారిగా భగ్గుమంది.

"గదేంది?" అంది స్వరాజ్యం కంగారుగా.

"సర్కారు బడి అక్కా. పిల్లలు లోపలికొచ్చిండ్రు."

ఆమెకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఒకరి పేరు తెలియదు, మొహం తెలియదు. అయినా ఊరు ఊరంతా నిద్ర లేవడం, పొయ్యి వెలిగించడం, పిల్లల్ని సాగనంపడం ఆమె కళ్లముందు జరుగుతోంది. దేవుడనేవాడు ఉంటే రోజూ పొద్దున ఇదే చూస్తాడు కాబోలు అనుకుంది.

"ఇంతమంది టైమడుగుతున్నరని తెల్సు గని, ఇంతమంది బతుకుతున్నరని తెల్వదురా ఓదెలూ" అంది. ఆ తర్వాత ఆపమని ఆమె నోట రాలేదు.

ఆ ఏడు వడగాడ్పులు ఊరిని పెనం మీద వేసి కాల్చాయి. చెవికి పని పడింది. ఫలానా గదిలో మనిషి ఉన్నాడు, వేడి హద్దు దాటింది, గాలి ఆడటం లేదు అని తెలియగానే ఓదెలు తవ్వడం మొదలుపెట్టేవాడు. కరెంటు పోయినప్పుడు ఏ చుక్కలు కలిసి వేడెక్కాయో చూసి వీధిని, ఏ గోడ మీదికి ఎండ ముందు వచ్చిందో చూసి ఇంటిని పట్టేవాడు. పట్టగానే వార్డు సిబ్బందికి ఫోను. అలా మొదట బయటపడింది పోశవ్వ అనే ముసలామె. రేకుల గదిలో సొమ్మసిల్లి పడి ఉంటే ఎత్తుకొచ్చి తడిబట్ట చుట్టారు. మూడో నాడు ఆమె మజ్జిగ ముంత పట్టుకుని కాలకేంద్రానికి వచ్చి, సర్వరుకు దండం పెట్టి పోయింది. ఆ తర్వాత ఇంకా కొందరు దక్కారు. స్వరాజ్యం ఆ రోజుల్లో నేల మీద నడవలేదంటే నమ్మండి.

ఆ ఊపులోనే ఒక ఆదివారం అన్న కనకయ్య ఇంటికి భోజనానికి వెళ్లింది. కనకయ్య గుట్ట అవతల గ్రానైటు క్వారీలో మేస్త్రి. సాయంత్రం బండ పేల్చే ముందు సైరన్ మోగుతుంది. కూలీలందరినీ గుంతలోంచి వెళ్లగొట్టి, ఆఖరున తాను బయటికి రావడం అతని వంతు. చేపల పులుసు కలుపుకుంటూ చెల్లెలి ముందు తన గోడు వెళ్లబోసుకున్నాడు.

"ముసలోన్నైతున్ననే చెల్లె. ఇదివరకు సైరన్ మోగినంక బీడీ అంటిచ్చుకోని, నిమ్మలంగ కట్ట మీదికొచ్చి, బీడీ ఒడిసినంక గాని బండ లేవకపోతుండె. గిప్పుడు రెండు దమ్ములు గుంజకముందే ధన్‌మంటున్నది. కాళ్లల్ల సత్తువ పోయింది."

"గందుకే ఇగ ఇంటి పట్టున ఉండుమంటున్న. ఇంటడా?" అంది వదినె రాజవ్వ.

"మోకాళ్లకు నూనె రాయవే వదినె, గుర్రం లెక్క ఉరుకుతడు" అంది స్వరాజ్యం. ముగ్గురూ నవ్వుకున్నారు. పొద్దస్తమానం ఊరంతా వింటున్న మనిషి, ఎదురుగా కూర్చున్న అన్న మాట వినలేదు.

ఆ వారంలోనే ఎండ తారస్థాయికి చేరింది. మధ్యాహ్నం తిరిగాక నేతకార్మికుల కాలనీ వైపు ఒక చుక్క హద్దు దాటింది. లోపల ఒక్క ప్రాణం. ఫ్యాను గాలి జాడ లేదు. చుక్క వణుకుతోంది, ఆగుతోంది, మళ్లీ వణుకుతోంది. ఓదెలు ఊపిరి బిగబట్టి వెతుకుతున్నాడు. కాలనీ మొత్తంలోంచి మూడు గల్లీల దాకా కుదించాడు.

"ఎండ జర వాలితే గోడ దొరుకుతదక్కా. ఇంకో అరగంట సాలు."

అరగంట కూర్చోలేక స్వరాజ్యం కళ్లు తెర మీద అటూ ఇటూ తిరిగాయి. గుట్ట అవతల, ఊరికి దూరంగా, రెండు చుక్కలు జంటగా ఉన్నాయి. ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి వచ్చి టైమడుగుతాయి, ఒకే యజమాని సరుకన్నమాట. ఒకటి చల్లగా, రాతి గదిలో ఉన్నట్టుంది. రెండోది భగభగ కాలుతోంది, నీడ లేని చోట స్తంభానికి కట్టిన డబ్బా కాబోలు. చల్లనిది దాదాపు సరైన టైములోనే ఉంది. కాలేది రోజురోజుకూ వెనకబడుతోంది, ఓదెలు చెప్పిన నిమిషం హద్దు ఎప్పుడో దాటింది. గుట్ట అవతల రాతి గదీ స్తంభమూ కలిసి ఎక్కడుంటాయి అనుకుంది. అనుకోగానే అన్న క్వారీ గుర్తొచ్చింది.

రాతి గదిలో ఉన్నది మందు పేల్చే యంత్రం. స్తంభం మీద ఉన్నది సైరన్. రెండూ టైము చూసుకునే తమ పని చేస్తాయి. రెండూ వచ్చి ఆమెను అడిగాయి. నీది కరెక్టు, నీదీ కరెక్టని ఆమె రెండింటికీ తలూపింది. సైరన్ కొద్దికొద్దిగా వెనకబడి పేలుడు దగ్గరికి జరిగింది. అన్న కాళ్లలో సత్తువ ఎక్కడికీ పోలేదు. మొన్నటికి రెండు దమ్ములు. ఈ ఎండలకు ఇవాళ సైరన్ కంటే ముందే బండ లేస్తుంది.

పేలుడు వేళ దగ్గర పడింది. అన్నకు ఫోను చేసింది. స్విచ్చాఫ్. పేలుడు మందు దగ్గర ఫోన్లు మోగకూడదని గేటు దగ్గరే తీసి పెట్టిస్తారు. ఆఫీసుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆ వేళకు అందరూ కట్ట మీద ఉంటారు. బండి వేసుకుని పోదామంటే గుట్ట చుట్టి పోవాలి, ఎంత తోలినా అందదు.

"ఓదెలూ, సర్వరును సక్కగ టైము జెప్పనియ్. ఇప్పుడే" అంది, సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి.

ఓదెలు కాలనీ చుక్క మీద వేలు పెట్టాడు. "ఆ రెండింటికే జెప్దామక్కా. మిగిలినయి అట్లనే ఉండనియ్. ఇది బందైతే మల్ల చెవి నేర్చుకునేసరికి ఎండకాలమే ఒడుస్తది. ఈడ మనిషి పాణమున్నదక్కా, సూడు!"

"మా అన్న ఉన్నడు గాబట్టి ఆ రెండు నా కంట్ల వడ్డయి. ఇంకెవని అన్న ఏ స్తంభం కింద నిలవడ్డడో నీకెర్కనా?"

తెర మీద ఆ కాలనీ చుక్క వణికింది. స్వరాజ్యం దాన్ని చూస్తూనే మీట నొక్కింది.

"నువ్వు కాలనీకి ఉరుకు. మూడు గల్లీలే గదా, తలుపు తలుపు కొట్టు. వార్డోళ్లను పిలువు" అంది. ఓదెలు చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

ఇప్పుడామె ఒక్కతే మిగిలింది. అన్నేళ్ల కొలువులో ఎన్నడూ తట్టని సంగతి అప్పుడు తట్టింది. టైము సర్వరు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. గొంతు చించుకుని అరవలేదు. అడిగితేనే చెప్పగలదు. ఆ స్తంభం మీది డబ్బా తనంతట తాను వచ్చి అడగాలి. అంతవరకూ నిజం తన దగ్గరున్నా లేనట్టే.

ఒక్కో యంత్రమే వచ్చి అడుగుతోంది, సరైన టైము తీసుకుని పోతోంది. దిద్దుకున్న చుక్క దిద్దుకున్నట్టే తెర మీంచి మాయమవుతోంది. సరైన గడియారాలన్నీ ఒక్క తీరే, వాటిలో వినడానికి ఏమీ ఉండదు. బడి వరుస పోయింది. వంటిళ్లు పోయాయి. ఎవరింట్లోనో ఒక గది నుంచి ఇంకో గదికి నడుస్తున్న వెచ్చదనం మధ్యలోనే ఆగిపోయింది. ఆమె చూస్తుండగానే కాలనీ చుక్క మరొక్కసారి వణికి, టైమడిగి, ఆరిపోయింది. స్వరాజ్యం నోట్లో కొంగు కుక్కుకుంది.

స్తంభం చుక్క మాత్రం కాలుతూనే ఉంది. "అడుగు, అడుగు బిడ్డా, జెల్ది అడుగు" అని ఆమె తెరతో మొరపెట్టుకుంది. యంత్రాలకు మొక్కుకునే మనిషి కాదు, ఆ పూట మాత్రం మొక్కింది. రాతి గది చుక్క ముందు పోయింది. దాని వెనకాలే, గుక్క తిప్పుకునే లోపు, స్తంభం చుక్క వచ్చి అడిగింది. తీసుకుంది. పోయింది.

స్వరాజ్యం మెట్లెక్కి మేడ మీదికి పరుగు పెట్టింది. గుట్ట వైపు నుంచి వడగాలిలో సన్నగా సైరన్ వినిపించింది. ఆమె పిట్టగోడ పట్టుకుని నిలబడింది. అది మోగి మోగి ఆగింది. ఆ తర్వాత చాలాసేపు, ఒక మనిషి నిమ్మళంగా గుంతలోంచి నడిచి రాగలిగినంతసేపు, ఏ చప్పుడూ లేదు. అప్పుడు లేచింది బండ. కిటికీ అద్దాలు చిన్నగా అదిరాయి. కాసేపటికి కనకయ్య ఫోను చేసి, "ఏందే, గిన్నిసార్లు జేసినవ్? పుచ్చకాయ కొంటున్న, నీగ్గూడ తెమ్మంటవా?" అన్నాడు. ఆమె తెమ్మంది.

దీపాలు పెట్టే వేళకు ఓదెలు ఫోను చేశాడు. "ఇల్లు దొరికిందక్కా. మూడో గల్లీ, సివరిది." వాడు ఏడవడం ఆమెకు వినిపించింది.

మర్నాడు పొద్దున స్వరాజ్యం ఆ ఇంటికి వెళ్లింది. రేకుల గది. పోయినాయన పేరు వెంకటి, ఒకప్పుడు మగ్గం నేసినవాడు. వాకిట్లో టెంటు కింద పడుకోబెట్టారు. లోపల కాలిపోయిన ఫ్యాను, దానికెదురుగా గోడకు చిన్న కెమెరా. ఆయన కూతురు భాగ్య బట్టల షాపులో పని చేస్తుంది. తండ్రిని కనిపెట్టుకుని ఉండటానికి ఆ కెమెరా పెట్టించింది. కాలకేంద్రం సర్వరును టైమడిగింది ఆ కెమెరానే.

"షాపుల నుంచి ఫోన్ల సూస్తనే ఉన్న మేడం. పండుకున్నట్టే ఉన్నడు. ఎండకు మంచిగ నిద్రవట్టింది అనుకున్న" అంది భాగ్య, ఇద్దరు చిన్నపిల్లల్ని ఒళ్లో అదుముకుని. బొమ్మలో వేడి కనపడదు కదా.

పంచాంగం ముందు పెట్టుకుని అయ్యగారు కూర్చున్నాడు. ఆయనకు పోయిన గడియ కావాలి. నిన్న పొద్దుగూకాక చెడ్డ నక్షత్రం చొరబడిందట. పొద్దుండగా పోయి ఉంటే ఏ దోషమూ లేదు. పొద్దుగూకాక పోయి ఉంటే మాత్రం ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి. గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఇంటి ఓనరు, పాడుపెట్టేదైతే ఇవాళే ఖాళీ చేయమని అప్పటికే చెప్పేశాడు. వచ్చిన డాక్టరు ఇదమిత్థంగా చెప్పలేనన్నాడట. ఎవరూ చూడలేదు.

"ఈ మేడమే. టైము జెప్పే ఆఫీసామె. వీళ్ల మిషినే పట్టింది" అన్నాడు వార్డు మనిషి. అందరి మొహాలూ స్వరాజ్యం వైపు తిరిగాయి.

టైమడిగినవాళ్లకు తెలియదని చెప్పడం ఆమె ఎరగదు. ఈసారి నిజంగానే తెలియదు. తెర మీద చుక్క ఆరిపోయే వేళకు ఆ ప్రాణం ఉంది. దీపాల వేళకు లేదు. మధ్యలో ఏ గడియలో పోయిందో వినాల్సిన చెవిని తన చేత్తోనే మూసింది. అన్న దక్కాడు, ఈయన పోయాడు, ఆ మీట మళ్లీ నొక్కమన్నా నొక్కుతుంది. అయినా ఆ ముసలాయన మొహంలోకి చూడలేకపోయింది.

భాగ్య ఆమె చెయ్యి పట్టుకుంది. "మా నాయిన పొద్దుగూకకముందే వోయిండు గదా మేడం? పొద్దుండంగనే గదా?"

ఇక ప్రాణం పోయినా తలూపనని నిన్ననే ఒట్టు పెట్టుకుంది స్వరాజ్యం. పైగా ఆయన ఎంత తొందరగా పోయి ఉంటే తన తప్పు అంత తేలికవుతుంది, ఆ మాట తనకూ చల్లగానే తగులుతుంది. అందుకే నోరు రాలేదు. అయ్యగారు వేలు పంచాంగం మీద ఆపి చూస్తున్నాడు. పిల్లలిద్దరూ చూస్తున్నారు. సమస్తం తెలిసిన మనిషిని చూసినట్టు భాగ్య ఆమెను చూస్తోంది.

"అవునమ్మా. పొద్దుండంగనే వోయిండు. నువ్వన్న టైమే కరెక్టు" అంది స్వరాజ్యం, తలూపి.